ఇంటి దగ్గర చదివే పిల్లలకు చరిత్ర ఎలా చెప్పాలి? ఏ పుస్తకం ఎంచుకోవాలి?

హిఫ్జ్ కోసం రెండు మూడేళ్ళు బడి మానిన పిల్లలు, ఊళ్ళో హైస్కూలు లేక ఏడో తరగతితో ఆగిపోయిన ఆడపిల్లలు, తండ్రి ఉద్యోగం మూలంగా గల్ఫ్‌కూ ఇక్కడికీ తిరుగుతూ ఏ బడిలోనూ నిలవలేకపోయిన పిల్లలు - ఇలాంటి వారికి ఇంటి దగ్గరే చదువు చెప్పిస్తున్న కుటుంబాలు మనలో ఉన్నాయి. లెక్కలకు ట్యూషన్ మాస్టరు దొరుకుతాడు. ఇంగ్లీషుకూ దొరుకుతాడు. ఉర్దూ, అరబీ మస్జిద్‌లోనో ఇంట్లోనో సాగిపోతాయి. చరిత్ర మాట ఎత్తితే మాత్రం "అదేముంది సాబ్, పరీక్షల ముందు నెల రోజులు బట్టీ పడితే సరిపోతుంది" అంటారు తల్లిదండ్రులు.

పాతికేళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెబుతున్న అనుభవంతో మేము ఈ మాట ఒప్పుకోలేము. చరిత్ర ఇప్పుడు పరీక్షల దాకా ఆగడం లేదు. తండ్రి సెల్‌ఫోనులో వస్తున్నది. క్రికెట్ ఆడే మైదానంలో వస్తున్నది. "మీవాళ్ళు మా గుళ్ళు కూల్చారట గదా" అని తోటి పిల్లవాడు అడుగుతాడు. మనవాడు తల దించుకుని ఇంటికి వస్తాడు. లేదా ఫోనులో వచ్చిన మరో సందేశం చదివి "ఎనిమిది వందల ఏళ్ళు మేమే ఏలాము" అని మర్నాడు వెళ్ళి అప్పజెబుతాడు. ఆ పిల్లవాడికీ తెలియదు, మనవాడికీ తెలియదు. ఇద్దరూ ఎవరో చెప్పింది నమ్మినవారే. మధ్యలో పోయేది మాత్రం వాళ్ళ స్నేహం.

దీనికి తోడు పాఠ్యపుస్తకాల గొడవ ఒకటి. 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, అంటే ఎన్‌సీఈఆర్‌టీ, పన్నెండో తరగతి చరిత్ర నుంచి మొగల్ దర్బారుల అధ్యాయాన్ని తీసివేసింది. 2025లో వచ్చిన ఏడో తరగతి కొత్త పుస్తకంలో ఢిల్లీ సుల్తానుల, మొగలుల పాఠాలు లేవు. అదే ఏడాది వచ్చిన ఎనిమిదో తరగతి పుస్తకంలో వారి ప్రసక్తి వచ్చింది గానీ, అక్కడ వారిని చూపిన తీరు మీద మళ్ళీ వాదోపవాదాలు నడిచాయి. ఇవన్నీ విన్న తల్లిదండ్రులు కొందరు "మన చరిత్ర తీసేస్తున్నారు, ఇక మన చరిత్ర మనమే చెప్పుకోవాలి" అంటూ బజారులో దొరికే 'ఘనవిజయాల' పుస్తకాలు తెచ్చి ఇస్తున్నారు. వారి బాధ మాకు అర్థమవుతుంది. కానీ ఆ పుస్తకాలు తిరగేసి చూడండి. ప్రతి బాద్‌షా న్యాయమూర్తే, ప్రతి యుద్ధమూ ధర్మయుద్ధమే. ఎవరు చెప్పారు, ఎక్కడ రాసి ఉంది అన్న మాట ఒక్కచోట కూడా ఉండదు. ఫోను సందేశానికీ ఈ పుస్తకానికీ తేడా అట్ట మాత్రమే.

పిల్లవాడికి కావలసింది ఎదుటివారి పుస్తకానికి జవాబు చెప్పే మరో పుస్తకం కాదు. ఏ పుస్తకాన్నైనా, ఏ మాటనైనా "నీకెవరు చెప్పారు? అతనికెలా తెలుసు?" అని నిలదీసి అడిగే అలవాటు కావాలి. చరిత్ర బోధనలో ఈ అలవాటు నేర్పే పద్ధతులు ఉన్నాయి. ఇంటి దగ్గర చదివే పిల్లలకు అవి బడి పిల్లలకంటే బాగా కుదురుతాయి కూడా. నలభై ఐదు నిమిషాలకు గంట కొట్టేవారు ఇంట్లో ఉండరు గదా!

<b>పద్ధతి ఏమిటి?</b>

మామూలు పుస్తకం ముందు జవాబు చెబుతుంది, పాఠం చివర ప్రశ్న అడుగుతుంది. ఈ పద్ధతిలో ప్రశ్న ముందు వస్తుంది. ఆ తరువాత ఆ కాలపు ఉత్తరం, శాసనం, నాణెం, యాత్రికుడి రాత వంటివి నాలుగైదు పిల్లవాడి ముందు పెడతారు. వాటిలో కొన్ని ఒకదానితో ఒకటి పొసగవు. ఎవరి మాట ఎంతవరకు నమ్మవచ్చో తూచి, పిల్లవాడు తన నిర్ణయం తాను రాయాలి. ఎందుకు ఆ నిర్ణయానికి వచ్చాడో కూడా రాయాలి.

ఇంగ్లండులో 1972లో మొదలైన స్కూల్స్ కౌన్సిల్ హిస్టరీ ప్రాజెక్టు ఈ దారిని బడులకు తెచ్చింది. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని ఏకలవ్య సంస్థ 1980లలో హోషంగాబాద్ ప్రాంతపు ప్రభుత్వ బడుల కోసం సాంఘిక శాస్త్ర పుస్తకాలు తయారుచేసింది. బట్టీ బదులు ఆలోచన, సంభాషణ, సొంత ఊరి పరిశీలన వాటి ప్రాణం. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని బడుల నుంచి ఆపివేసినా, దాని ప్రభావం తరువాతి పుస్తకాలపై పడింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి ఎన్‌సీఈఆర్‌టీ 2006 నుంచి తెచ్చిన చరిత్ర పుస్తకాలు, ముఖ్యంగా పై తరగతుల 'థీమ్స్ ఇన్ ఇండియన్ హిస్టరీ' భాగాలు, ఈ దారిలోనివే. ప్రతి అధ్యాయంలోనూ ఆ కాలపు రాతల ముక్కలు పెట్టెలు కట్టి ఇచ్చారు, వాటి కిందే ప్రశ్నలు. వాటికి ఉర్దూ ప్రతులు కూడా వచ్చాయి. పాత ప్రతి ఎక్కడైనా కనబడితే కొని దాచుకోండి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్ బృందం 'చరిత్రకారుడిలా చదవడం' అన్న పేరుతో తయారుచేసిన పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో ఎక్కువ భాగం అమెరికా సంగతులే. మన పిల్లలకు ఆ విషయాలతో పెద్దగా పని లేదు. పాఠాన్ని అల్లిన తీరు మాత్రం చూసి నేర్చుకోదగినది.

ఉమ్మడి రాష్ట్రంలో తయారై, తరువాత రెండు రాష్ట్రాల్లోనూ నడిచిన సాంఘిక శాస్త్ర పుస్తకాలు గుర్తున్నవారికి 'మీ అభ్యసనాన్ని మెరుగుపరచుకోండి' అన్న శీర్షిక కూడా గుర్తుండే ఉంటుంది. ఆ శీర్షిక కింద మంచి ప్రశ్నలు ఉండేవి. బడుల్లో చాలామంది పిల్లలు ఆ ప్రశ్నలకు గైడు చూసి జవాబు రాసేవారన్నది వేరే సంగతి.

<b>మనకు కొత్తదేమీ కాదు</b>

మదర్సాలో చదివినవారికి ఇదంతా వింటే ఎక్కడో విన్నట్టే ఉంటుంది. హదీసు విద్యలో మొదటి పాఠం సనద్. ఈ మాట నీకు ఎవరు చెప్పారు, అతనికి ఎవరు చెప్పారు, ఇద్దరూ ఒక కాలంలో ఉన్నారా, కలుసుకున్నారా, అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది, నిజాయితీ ఎలాంటిది? ఇది రివాయత్. ఇక చెప్పిన విషయం బుద్ధికి అందుతుందా, ఆ కాలానికి ఆ చోటికి పొసగుతుందా అని తూచడం దిరాయత్. అల్లామా షిబ్లీ నొమానీ 1899లో వెలువరించిన 'అల్ ఫారూఖ్' ముందుమాటలో చరిత్ర రచనకు ఈ రెంటినీ కొలబద్దలుగా చర్చించారు. వార్త తెచ్చినవాడిని బట్టి దానిని నిర్ధారించుకోవాలని అల్ హుజురాత్ సూరా ఆరో ఆయతు చెబుతున్నదని మన పిల్లలకు తెలుసు. ఫోనులో వచ్చిన సందేశం కూడా వార్తేనని వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన 'ముఖద్దిమా'లో ఒక చోట మస్ఊదీ వంటి చరిత్రకారులను గట్టిగా పట్టుకున్నాడు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వెంట ఉన్న సైన్యం ఆరు లక్షలకు పైనే అని వారు రాశారు. ఇబ్నె ఖల్దూన్ లెక్క అడిగాడు. అంత సైన్యాన్ని ఆ నేల పోషించగలదా? అంతమంది ఒకే మైదానంలో బారులు తీరి పోరాడగలరా? హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుటుంబం మిస్రుకు వచ్చినప్పుడు డెబ్బై మంది. అక్కడి నుంచి మూసా వరకు నాలుగే తరాలు. ఈ లెక్కను పన్నెండేళ్ళ పిల్లవాడి చేత చేయించండి. ప్రతి మగవాడికీ అయిదుగురు కొడుకులు బతికారనుకుంటే నాలుగు తరాలకు 43,750 మంది. ఆరు లక్షలు దాటాలంటే ఒక్కొక్కరికి సుమారు పదిమంది కొడుకులు పుట్టి, అందరూ బతికి, అందరికీ మళ్ళీ పదేసి మంది కావాలి. లెక్కల పుస్తకమూ చరిత్ర పుస్తకమూ ఒకే బల్ల మీదికి వస్తాయి. పుస్తకంలో ఉన్నంత మాత్రాన అంకె నిజం కాదని పిల్లవాడికి ఆరు వందల ఏళ్ళ నాటి మన ఆలిమే చెప్పినట్టవుతుంది.

ఇక్కడ కొందరు తల్లిదండ్రులకు ఒక భయం ఉంది. ఇలా ప్రశ్నించడం నేర్పితే రేపు దీన్‌నూ ప్రశ్నిస్తాడేమో అని. బాద్‌షాలు, సుల్తానులు మన అకీదాలో భాగం కారు. వారి మంచీ చెడ్డా తూచితే ఈమాన్‌కు వచ్చే లోటేమీ లేదు. అల్లాహ్ గ్రంథానికీ, దర్బారులో జీతం పుచ్చుకుని రాసిన తారీఖుకూ తేడా తెలియని పిల్లవాడికే నిజానికి ప్రమాదం ఎక్కువ.

<b>ఒక పాఠం చూద్దాం: భాగమతి ఉందా?</b>

హైదరాబాద్ పేరు మార్చి భాగ్యనగర్ చేయాలన్న మాట ఎన్నికలప్పుడల్లా వినబడుతుంది. మన పిల్లలు ఆ మాట వినగానే కోపం తెచ్చుకుంటారు. అందుకే ఈ ప్రశ్ననే తీసుకోవాలంటాము. కాగితం ముక్కలు చేసి ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క ఆధారం రాసి పిల్లల ముందు పరచండి.

మొదటిది ఫైజీ. అక్బరు ఆస్థాన కవి, 1591లో దక్కనుకు రాయబారిగా వచ్చాడు. భాగమతి అనే స్త్రీ పేరిట భాగ్‌నగర్ అనే ఊరు కట్టారని అక్బరుకు తెలియజేశాడు. రెండవది ఫరిష్తా. బీజాపూరులో ఆదిల్‌షాహీల కొలువులో ఉండి చరిత్ర రాశాడు. సుల్తాను భాగమతిని ప్రేమించి ఊరికి ఆమె పేరు పెట్టాడనీ, తరువాత చింతించి హైదరాబాద్‌గా మార్చాడనీ అంటాడు. మూడవది గోల్కొండ దర్బారులోనే తయారైన కుతుబ్‌షాహీ చరిత్ర. అందులో భాగమతి ఊసే లేదు. నాలుగవది ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే. ఊరి పేరు బాగ్‌నగర్ అనీ, రాజుకు ఇష్టమైన 'నగర్' అనే భార్య పేరిట 'నగర్ తోట' అని అర్థమనీ రాశాడు. పిల్లలు ఇక్కడ నవ్వుతారు, నవ్వనివ్వండి. బాగ్ అంటే తోట అన్నంత వరకు ఉర్దూ వచ్చిన ఎవరైనా ఒప్పుకుంటారు, నగర్ అంటే ఊరని తెలుగు వచ్చిన ఎవరికైనా తెలుసు. పాపం ఆ యాత్రికుడికి రెండూ రావు. అయిదవది తెవనో, ఇతనూ ఫ్రెంచివాడే. రాజధానిని బాగ్‌నగర్ అంటారనీ పార్శీలు హైదరాబాద్ అంటారనీ రాశాడు. ఆరవది గోల్కొండ సమాధుల తోట. అక్కడ తారామతి, ప్రేమామతి సమాధులు ఉన్నాయి, భాగమతిది లేదు.

ఏడవది ఉర్దూ చదివే మన పిల్లలకే అందే ముక్క. నగరం పునాదికి చెప్పే తారీఖు 'యా హాఫిజ్'. అబ్జద్ లెక్కన కూడమనండి. యే పది, అలిఫ్ ఒకటి, హే ఎనిమిది, మళ్ళీ అలిఫ్ ఒకటి, ఫే ఎనభై, జోయ్ తొమ్మిది వందలు. మొత్తం వెయ్యి. హిజ్రీ 1000 అంటే క్రీస్తు శకం 1591-92. చార్మినార్ కట్టిన కాలమూ అదే.

ఇప్పుడు అడగండి. ఫైజీ గోల్కొండను కళ్ళారా చూసి రాశాడా, విని రాశాడా? దక్కను సుల్తానులను లొంగదీయాలనుకునే పాదుషా రాయబారికి ఇక్కడి సుల్తాను గురించి చులకన మాట చెప్పడంలో లాభం ఉందా? కానీ అతను అదే కాలపువాడు, ఆ సంగతి మరచిపోవద్దు. ఫరిష్తా పొరుగు రాజ్యపువాడు. పొరుగింటి కబురులో కల్పన ఎక్కువా, లేక ఇంటివాళ్ళు దాచిపెట్టిన నిజం ఎక్కువా? గోల్కొండ చరిత్రకారుడు మౌనంగా ఉన్నాడంటే ఆమె లేదనా, చెప్పడానికి సిగ్గుపడ్డాడనా? తారామతికి సమాధి కట్టినవారు భాగమతికి ఎందుకు కట్టలేదు? పెళ్ళి తరువాత ఆమె హైదర్ మహల్ అయిందని ఒక వాడుక ఉంది. అది ఎప్పటి నుంచి ఉన్న వాడుక?

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆచార్యులు హారూన్ ఖాన్ షేర్వానీ ఈ ఆధారాలన్నీ పరిశీలించి భాగమతి కథ కల్పితమని వాదించారు. ఆమె ఉన్నదని నమ్మే పండితులూ ఉన్నారు. మాకు షేర్వానీ గారి వాదం బలంగా తోస్తుంది. అయినా పిల్లలు తమ మాట రాసుకున్న తరువాతే మా మాట చెబుతాము. ఏ నిర్ణయానికి వచ్చినా ఒక సంగతి మాత్రం వారికి తేలిపోతుంది. భాగ్‌నగర్ అన్న పేరు నిన్న మొన్న ఎవరో కల్పించింది కాదు, పాత రాతల్లో ఉన్నదే. హైదరాబాద్ అన్న పేరూ కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఉన్నదే. ఇది తెలిసిన పిల్లవాడు ఆ పేరు వినగానే పిడికిలి బిగించడు. "దానికి ఆధారాలు ఇవి, దీనికి ఇవి" అని చెప్పగలడు. ఎదుటివాడికి వినే ఓపిక ఉంటే వింటాడు.

ఇదే తీరున 1687ను తీసుకోవచ్చు. ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి గోల్కొండను పట్టాడు. కోట లోపల ఉన్నది అబుల్ హసన్ తానాషా. అతని రాజ్యాన్ని అంతకు ముందు ఏళ్ళ తరబడి నడిపినవారు మాదన్న, అక్కన్న అనే బ్రాహ్మణ సోదరులు. ఈ యుద్ధంలో 'మనవాళ్ళు' ఎవరు అని పిల్లవాడిని అడిగి, జవాబు కోసం తొందరపెట్టకుండా కూర్చోండి.

<b>పుస్తకం కొనే ముందు</b>

ఇంటి చదువుకు చరిత్ర పుస్తకాలు, పెట్టెలు అమ్మేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. 'ప్రశ్నా పద్ధతి' అన్న మాట అట్ట మీద ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. మధ్యలో ఏదో ఒక పాఠం తెరవండి. అందులో ఒకదానితో ఒకటి పొసగని రెండు ఆధారాలైనా ఉన్నాయా? పుస్తకం చెప్పిన దానికంటే వేరే నిర్ణయానికి పిల్లవాడు రావడానికి దారి ఉందా? లేకపోతే అది ప్రశ్న గుర్తు తగిలించిన పాత పాఠమే. అట్టముక్కలతో పిరమిడ్లు చేయించి, రంగులు వేయించి అదే చరిత్ర అనే పెట్టెలు కొన్ని చూశాము. చేతిపని మంచిదే, దానికి అంత ధర ఎందుకో మాత్రం మాకు బోధపడలేదు.

ఇంకో వైపు పొరపాటు కూడా జరుగుతుంది. ఏమీ తెలియని పిల్లవాడిని "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగితే ఏదో ఒకటి అనుకుంటాడు. అక్బరు ముందా, కులీ కుతుబ్ షా ముందా తెలియనివాడు ఫైజీ మాటను ఎలా తూచగలడు? కాలక్రమం నోటికి రావాలి. ఇక్కడ మన హాఫిజ్ పిల్లలను మించినవారు లేరు. ఒక పుటకు సరిపడా ముఖ్యమైన సంవత్సరాలు రాసి ఇస్తే వారం రోజుల్లో కంఠస్థం చేసి అప్పజెబుతారు. ఆ పుట గోడకు అంటించి, ఆ తరువాత ప్రశ్నలకు రావాలి. ఏడాదికి ఆరు ప్రశ్నలు లోతుగా చేస్తే చాలు, మిగతాది మామూలుగా చదివించండి. అన్నీ ఈ పద్ధతిలోనే చేయాలనుకునే తల్లి రెండో నెలకే అలసిపోతుంది.

పదేళ్ళ లోపు పిల్లలకు పుస్తకమే అక్కరలేదు. ఇంట్లో ట్రంకుపెట్టె తెరవండి. తెలంగాణ జిల్లాల్లో పాత కుటుంబాల దగ్గర నిజాం కాలపు ఉర్దూ దస్తావేజులు ఇప్పటికీ ఉన్నాయి. దాదీ నికాహ్‌నామా, ఒక హాలీ సిక్కా, పాత రేషన్ కార్డు, ఇవన్నీ ఆధారాలే. ఇందులో ఎవరి పేర్లు ఉన్నాయి, ఏ భాషలో ఉంది, ఆ భాష ఇప్పుడు ఆఫీసులో ఎందుకు లేదు అని అడిగితే ఆ పిల్లవాడికి 1948 సంగతి తనంత తానే ఎదురవుతుంది. హైదరాబాద్‌లో ఉండేవారు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి అడిగించండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఒక చెట్టు మీద అంతమంది పడతారా? పిల్లవాడిని తీసుకెళ్ళి ఆ చెట్టు చూపించి, కొమ్మలు లెక్కపెట్టించండి. కోస్తాలో ఉండేవారికి మచిలీపట్నం ఉంది. గోల్కొండ ఓడరేవు అదే, అక్కడి డచ్చివారి సమాధుల మీది రాళ్ళే ఒక పాఠం.

రెండు భాషలు వచ్చిన మన పిల్లలకు ఇంకో వరం ఉంది. కుతుబ్‌షాహీల ఫర్మానాలు కొన్ని పార్శీ, తెలుగు రెండింటిలోనూ జారీ అయ్యాయి. మెకంజీ దొర పందొమ్మిదో శతాబ్దం మొదట్లో సేకరింపజేసిన తెలుగు కైఫియతుల్లో ఊరూరి సంగతులు ఉన్నాయి. తెలుగులో మొదటి అచ్చ తెనుగు కావ్యంగా చెప్పే 'యయాతి చరిత్ర'ను పొన్నగంటి తెలగన అంకితమిచ్చింది అమీన్‌ఖానుకు. ఉర్దూ మాత్రమే వచ్చినవారు ఒక సగం, తెలుగు మాత్రమే వచ్చినవారు ఇంకో సగం చూస్తారు. ఉర్దూ మదర్సాలో వచ్చిందనీ తెలుగు వీధిలో వచ్చిందనీ చిన్నబుచ్చుకునే పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

ఇక పరీక్ష మాట. పధ్నాలుగేళ్ళు నిండినవారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ద్వారా పదో తరగతి రాయవచ్చు. తెలుగు, ఉర్దూ మాధ్యమాలు రెండూ ఉన్నాయి. రాష్ట్రాల ఓపెన్ స్కూళ్ళూ ఉన్నాయి. ఈ పరీక్షలో భాగమతి గురించి మీ నిర్ణయం ఏమిటని ఎవరూ అడగరు. పుస్తకంలో ఉన్నది అడుగుతారు. కాబట్టి పరీక్ష ఏడాదిలో చివరి నాలుగు నెలలు నిర్ణీత పుస్తకాన్నే తిప్పి తిప్పి చదివించాలి, దానికి వెనకాడవద్దు. ఆ నాలుగు నెలలూ పిల్లల నోటుపుస్తకంలో పుటను రెండుగా మడిపించండి. ఎడమ వైపు పుస్తకం చెప్పింది, కుడి వైపు "దీనికి ఆధారం ఏమిటి?" అన్నది. కుడి వైపు చాలా చోట్ల ఖాళీగానే ఉంటుంది, ఉండనివ్వండి. పరీక్షకు ఎడమ వైపు చాలు. సెలవుల్లో ఆ ఖాళీల్లో నుంచే వచ్చే ఏడాదికి ఆరు ప్రశ్నలు దొరుకుతాయి.